మూడో సిలిండర్

పదింటికి రేసు. ఎనిమిదిన్నరకి ఇంజన్ మొరాయించింది. నిన్న సాయంత్రం ఇదే వైమకరీరీ నది మీద, ఇదే జెట్ బోటు ఒక్క దగ్గు కూడా దగ్గకుండా పరిగెత్తింది. ఇవాళ ఒడ్డున నీళ్లలో కట్టేసి తాళం తిప్పితే కార్బరేటర్‌లోంచి టపటపా పేలుతోంది.

రోనాకి ఏడుపొక్కటే తక్కువ. పన్నెండేళ్లుగా ఈ రేసులో పోటీ పడుతోంది, ఈసారి గెలుస్తుందని నది పొడుగునా అనుకుంటున్నారు. ఇన్నేళ్లూ పక్క సీట్లో కూర్చుని దారి చూపింది తండ్రి డూగల్. గులకరాళ్ల మధ్య చీలిపోయే పాయల్లో ఏది లోతో, ఏది మోసమో ఆయన కేకేసి చెబితే ఆమె తిప్పేది. ఈ ఏడు ఆయన చూపు మందగించింది. గత నెల రోనా ఎలాగో నోరు పెగల్చుకుని, "ఈసారి మెరియానాని కూర్చోబెట్టుకుంటాను నాన్నా" అంది. "మంచి పని, అమ్మడూ" అని ఆయన టీ తాగేశాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడని మురిసిపోయింది కూడా, పిచ్చిది.

"వాల్వ్ కాలిపోయింది," అన్నాడు డూగల్ ఒడ్డు మీంచి. "ఇంజన్ హెడ్ ఊడదీయాలి. ఈ ఏటికింతే. రా తల్లీ, టీ తాగుదువుగాని."

"చూడకుండానే సోది చెప్పేస్తున్నావేంటి బాబాయ్?" అంది రోనా స్నేహితురాలు మెరియానా, బోటు పక్కనుంచి.

ఇంజన్‌లో ఏ లోపమన్నా రోనా చూడకుండా ఒప్పుకోదు. అలా నేర్పింది ఆయనే. ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకింది. పీకినప్పుడల్లా చప్పుడు కుంగింది, మూడో దానికి మాత్రం తేడా లేదు. ఆ ప్లగ్గు తీసి, లోపలి ఒత్తిడి కొలిచే గేజి బిగించి తిప్పితే ముల్లు లేవలేదు. రింగులు అరిగి ఉంటే నూనెకి ఒత్తిడి నిలవాలని, లోపల కాస్త పోసి మళ్లీ తిప్పింది. అయినా లేవలేదు. అంటే పిస్టన్ రింగులు కాదు, వాల్వే. అంతవరకూ ఆయన మాట నిజం.

ఇంజన్‌కి రెండు వైపులా వాల్వుల మీద రెండు మూతలున్నాయి; మూడో సిలిండర్ ఉన్న వైపుది విప్పింది. మూడో సిలిండర్ వాల్వులు రెండూ మూసుకోవాల్సిన చోటికి ఇంజన్‌ని తిప్పి, వాటిని నొక్కే రాకర్లని వేళ్లతో కదిపింది. ఒకటి కొద్దిగా ఆడింది. రెండోది బిర్రబిగుసుకుని ఉంది. దాని నట్టు అతిగా బిగించి ఉంది. వాల్వ్ కాలలేదు, మూసుకోనివ్వలేదంతే.

నట్టు బిగించాక దాని మీద ఎర్ర గోళ్లరంగుతో సన్నటి గీత గీయకపోతే డూగల్‌కి నిద్రపట్టదు. నట్టు కదిలితే గీత విరిగి తెలిసిపోతుంది. ఆ వరసలో ఏడు గీతలు నూనెకీ వేడికీ నల్లబడ్డాయి. ఎనిమిదోది నిగనిగలాడుతోంది. చెడగొట్టడానికి బిగించిన నట్టుకీ గీత గీసి మరీ వెళ్లాడు మహానుభావుడు. పనిమంతుడి చెయ్యి ఊరుకోలేదు.

రోనా పానా కింద పెట్టి ఒడ్డు వైపు తిరిగింది.

"ఎప్పుడు చేశావు నాన్నా?"

డూగల్ బుకాయించలేదు. "పొద్దున. నువ్వు డ్రైవర్ల మీటింగుకి వెళ్లినప్పుడు."

"ఎందుకు?"

"ఆ సీట్లో ఇంకొకర్ని చూడలేకపోయానే. ఈ ఒక్క ఏడు ఆగిపోతే, వచ్చే ఏటికి అలవాటు పడేవాణ్ణి."

"ఆ మాట నాతో అనొచ్చుగా! నోరు లేదా? మంచి పని అన్నావు!"

రోనా నట్టు వదులు చేసి, సందు సరిచూసి, మూత వేసి, ప్లగ్గు బిగించి తాళం తిప్పింది. ఇంజన్ హాయిగా అందుకుంది. తొమ్మిదీ ఇరవై.

"ఎక్కవే, బోలెడంత టైముంది!" హెల్మెట్ పెట్టేసుకుంది మెరియానా.

రోనా కాసేపు ఆ చప్పుడు వింది. తర్వాత ఇంజన్ ఆపేసి, రెండు వైపుల మూతలూ విప్పడానికి పానా అందుకుంది.

"అదెందుకే?" అన్నాడు డూగల్. "నేను ముట్టుకుంది ఒక్కటే. ఒట్టు!"

"పన్నెండేళ్లు నువ్వు బిగించిన ఇంజన్ మీద ప్రాణం పెట్టి, బండల మధ్య నడిపాను. ఒక్కసారి కూడా విప్పి చూసుకోలేదు," అంది రోనా. "ఇవాళ చూసుకోకుండా మెరియానాని పక్కన ఎలా కూర్చోబెట్టుకోను?"

పది కొట్టింది. బోట్లు నిమిషానికొకటి బయల్దేరాయి. మైకులో రోనా నంబరు రెండుసార్లు పిలిచారు. మెరియానా హెల్మెట్ తీసేసి వచ్చి గుడ్డ అందించింది. ఆఖరి బోటు చప్పుడు వంపు దాటి పోయేసరికి రోనా ఆఖరి నట్టు దగ్గరికొచ్చింది. ఆయన ముట్టుకున్నది కాక మిగతా పదిహేనూ ఉండాల్సినట్టే ఉన్నాయి.

"నిజమే చెప్పావు నాన్నా," అంది చేతులు తుడుచుకుంటూ. ఆయన వైపు చూడలేదు.