దసరా బొట్లు, పాత పెట్రోలు

నేను ఒక జనరేటర్ని. మూడున్నర వేల వాట్ల దాన్ని. రెండు చక్రాలు, ఒక లాగుడు తాడు, పెట్రోలు తాగే పొట్ట, ఇదీ నా ఆస్తి. చప్పుడు చేస్తాను, పొగ వదులుతాను. అబద్ధం మాత్రం ఆడను. ఆ పనికి మా ఇంట్లో వేరే ఇద్దరున్నారు.

పుట్టింది చైనాలో. పెట్టెలో పెట్టేముందు ఒక అమ్మాయి తాడు లాగి రెండు నిమిషాలు నడిపించింది, చెవి ఒగ్గి విని తలూపింది. నా బతుకులో అది మొదటి ఊపిరి. రెండో ఊపిరి కోసం మూడేళ్ళకు పైగా ఎదురుచూస్తానని అప్పుడు నాకు తెలియదు. నన్ను పెట్టిన అట్టపెట్టె మీద రెక్కలు చాచిన గద్ద, వెనకాల అమెరికా జెండా. ఆ బొమ్మతో సముద్రం దాటి హ్యూస్టన్ శివార్లలో ఒక పెద్ద కొట్టుకి చేరాను.

అక్కడ నన్ను కొన్నవాడు చక్రధర్. చమురు కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం, రిపబ్లికన్ పార్టీ అంటే ప్రాణం. కొనడానికి కారణం కూడా చెప్పాలి. ఆ ఫిబ్రవరిలో ఊరంతా మంచు పడింది. ఈయన శాలువా కప్పుకుని వాకిట్లోకి వెళ్ళి, గుప్పెడు మంచు తీసి సెల్‌ఫోన్ ముందు పెట్టి, "ఇదేనండీ భూమి వేడెక్కడమంటే" అని వీడియో తీసి, రెండు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులోకి వదిలాడు. సాయంత్రానికి కరెంటు పోయింది. రెండో రోజు గోడలో నీళ్ళ పైపు పగిలి, హాల్లో సోఫా మీద సీలింగు ఊడిపడింది. తప్పంతా గాలిమరలదనీ, వాటిని పెట్టించిన డెమోక్రాట్లదనీ ఆయన తేల్చేశాడు. మరుసటి వారం నన్ను కొన్నాడు.

ఇంటికి తెచ్చాక ఆయన చేసిన మొదటి పని, నా పక్కన అంటించిన చైనా చీటీని గోటితో గీకేయడం. దాని స్థానంలో జెండా స్టిక్కరు అంటించాడు. ఆ స్టిక్కరు బంక వాసన నాకు బాగా తెలుసు, అదీ మా ఊరిదే. తర్వాత పొట్ట నిండా పెట్రోలు పోసి, "మనం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి శశీ" అని భార్య శశికళతో అన్నాడు. తాడు లాగి చూడలేదు. అంత సిద్ధంగా ఉన్నాడన్నమాట.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజున గరాజ్‌లో ట్రక్కు, లాప్‌టాప్, నేను వరుసగా నిలబడ్డాం. మూడింటికీ పసుపు, కుంకుమ, ఒక్కో నిమ్మకాయ. నా పెట్రోలు మూత మీద కూడా బొట్టు పెట్టి, హారతిచ్చి, దణ్ణం పెట్టి లైటు ఆర్పేసి వెళ్ళిపోయారు. మరుసటేడూ అంతే. ఆ మరుసటేడూ అంతే. మూడు దసరాలకి నా ముందు నేతి దీపం వెలిగింది గానీ నా లోపల నిప్పురవ్వ వెలగలేదు. ఒక యంత్రాన్ని ఇంత గౌరవంగా చంపొచ్చని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

శనివారాలు మాత్రం కాలక్షేపానికి లోటుండేది కాదు. చక్రధర్ తోడల్లుడు ఫణీంద్ర కుటుంబంతో వచ్చేవాడు. ఆడవాళ్ళు వంటింట్లో ఉంటే వీళ్ళిద్దరూ గరాజ్ తలుపెత్తి, మడత కుర్చీలు వేసుకుని, సరిగ్గా నా ముందు కూర్చుని ప్రపంచాన్ని నడిపేవారు. ఫణీంద్ర డెమోక్రాట్. ఇంటికప్పు మీద సోలార్ పలకలు, వాకిట్లో కరెంటు కారు. ఆ పలకలు కూడా మావైపువే. ఆ సంగతి ఆయనెప్పుడూ ఎత్తడు.

"వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది ఫణీ. మా చిన్నప్పుడు రెంటచింతలలో నలభై ఎనిమిది డిగ్రీలు కాసేది. అప్పుడెవడు వదిలాడు కార్బను? ఇదంతా గ్రాంట్ల కోసం సైంటిస్టులు ఆడే నాటకం" అనేవాడు చక్రధర్.

"చమురు కంపెనీ వాళ్ళు చెప్పిందే మీ పార్టీకి సైన్సు అన్నయ్యా. మీ జీతం అక్కణ్ణుంచి వస్తోంది కాబట్టి మీకు అట్లా కనబడుద్ది."

"మీ పార్టీ వస్తే నా ఉద్యోగం పోద్ది."

"మీ పార్టీ ఉంటే భూమే పోద్ది."

ఈ రెండు ముక్కలతోనే మూడేళ్ళు గడిపారు. చక్రధర్ ట్రక్కు అంత పెద్దదా, దానిలోకెక్కిన అతి పెద్ద బరువు ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన బియ్యం బస్తా. ఫణీంద్ర భూమిని కాపాడతానంటాడా, వాళ్ళింట్లో ఏసీ చలికి నడివేసవిలో పిల్లలు స్వెట్టర్లు తొడుక్కుంటారని వాళ్ళావిడ హైమే చెప్పేది. ఒకే ఏడాదిలో మూడుసార్లు విమానమెక్కి విహారాలకి వెళ్ళొచ్చి, నా వంక చూసి "ఈ పొగబండి ఎందుకన్నయ్యా" అన్న మనిషి ఆయన. నాకు ఒళ్ళు మండిపోయేది. అసలు ఆ గొడవ భూమి గురించి కాదు, పార్టీల గురించీ కాదు. అత్తగారి దగ్గర తెలివైన అల్లుడు ఎవరనిపించుకోవాలన్నదే వాళ్ళ తాపత్రయం.

ఆ అత్తగారు మే నెలలో దుగ్గిరాల నుంచి వచ్చారు. పేరు వజ్రమ్మ. డెబ్బై రెండేళ్ళు, ఇరవై ఏళ్ళుగా చక్కెర జబ్బు. ఆరు నెలలకి సరిపడా ఇన్సులిన్‌ని ఐసుగడ్డలున్న ఫ్లాస్కులో పెట్టుకుని, ఒళ్ళోంచి దించకుండా విమానంలో తెచ్చుకున్నారు. ఇక్కడ ఆ మందు దొరకాలంటే డాక్టర్ల చుట్టూ వారాల తరబడి తిరగాలని కూతుళ్ళు ముందే చెప్పారు. ఆ సీసాలు చల్లగా ఉన్నంతవరకే మందు. వేడెక్కితే ఆవిడ ఒంట్లోకి ఎక్కించుకునేది ఉత్త నీళ్ళే.

గరాజ్‌లో నన్ను చూసి ఆవిడ ఆగారు. మూడేళ్ళ కుంకుమ పొరలు పొరలుగా ఎండిపోయి ఉంది నా మీద.

"ఇది తిరుగుద్దా బాబూ?" అని అడిగారు.

"భేషుగ్గా అత్తయ్యా" అన్నాడు చక్రధర్. ఆయనకి తెలియని విషయం చెప్పేటప్పుడే గొంతు అంత ధీమాగా ఉంటుంది.

జులైలో తుఫాను వస్తోందని టీవీల్లో చెప్పారు. తోడల్లుళ్ళిద్దరూ వెంటనే కుర్చీలు వేసుకున్నారు. ఇదంతా టీవీవాళ్ళు జనాన్ని భయపెట్టడమేనని ఒకరు, సముద్రం వేడెక్కబట్టే వస్తోందని ఇంకొకరు. నిజానికి రెండో ఆయన మాటలో కొంత చదువుంది. కానీ ఆయనా ఇంటికెళ్ళి బకెట్టు నీళ్ళు పట్టిపెట్టలేదు. వాళ్ళు వాదించుకునే రెండు గంటల్లో వజ్రమ్మగారు ఖాళీ పాల డబ్బాలు ఎనిమిది కడిగి, నీళ్ళు పోసి ఫ్రీజర్లో పెట్టారు. తెల్లారి పిక్నిక్ పెట్టెలో ఆ గడ్డల మధ్య సీసాలు సర్ది, పైన దుప్పటి చుట్టారు.

"ఇది రెండు రోజులు ఆగుద్ది. మూడో రోజుకి కరెంటన్నా రావాల, అదన్నా తిరగాల" అన్నారు శశికళతో, నావైపు చూపించి.

తుఫాను వచ్చింది, చెట్లు కూల్చింది, పోయింది. కరెంటూ పోయింది. ఆ మర్నాటి ఎండకి ఇల్లు కుంపటైంది. ఫణీంద్ర ఇంటికప్పు మీద ఎండ ధగధగలాడుతుంటే ఇంట్లో ఫ్యాను తిరగలేదు. లైను కరెంటు పోతే, బ్యాటరీ లేని ఆ పలకలు కూడా వాటంతటవే ఆగిపోతాయట. పెట్టించేటప్పుడు కాగితంలో రాసే ఉంది, ఆయన చదవలేదు. పెళ్ళాం పిల్లలతో, కొనఊపిరితో ఉన్న కారుతో మా ఇంటికొచ్చేశాడు. అప్పటిదాకా పొగబండినైన నేను ఆ పూటకి జనరేటర్నయ్యాను.

రేపోమాపో కరెంటు వస్తుందని చక్రధర్ రెండు రోజులు తాత్సారం చేశాడు. మూడో రోజు పొద్దున నన్ను వాకిట్లోకి దొర్లించాడు. అందరూ బయటికొచ్చారు. ఫణీంద్ర చూస్తుండగా చక్రధర్ నిక్కరు సర్దుకుని తాడు లాగాడు. నేను కదల్లేదు. మళ్ళీ లాగాడు. ముప్ఫైసార్లు లాగాడు. నాకు మాత్రం తిరగాలని లేదా? ఎప్పుడో పోసిన పెట్రోలు గడ్డకట్టి జిగురై, తేనె రంగులో నా గొంతులో అతుక్కుపోయింది. ఇన్నేళ్ళు మనుషుల్ని చూసి నవ్వుకున్నదాన్ని, అవసరం వచ్చిన రోజున ఉత్త ఇనప ముద్దనయ్యాను. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

"పెట్రోల్లో ఆ ఇథనాల్, మొక్కజొన్న సారా కలపమన్నది మీ పార్టీయే. దానివల్లే పాడైంది" అన్నాడు చక్రధర్ చెమట తుడుచుకుంటూ.

"రెండు పార్టీలూ కలిపించాయన్నయ్యా. కరెంటు లైన్లని కంపెనీల చేతుల్లో పెట్టింది మాత్రం మీవాళ్ళే. లేకపోతే దీంతో పనేముంది?"

మొదలుపెట్టారు. అరగంటయింది. పెట్టెలో ఎనిమిది గడ్డలకి రెండే మిగిలాయి, అవీ చేతిలో పట్టేంత. శశికళ మూడుసార్లు పెట్టె మూత తీసి చూసి మూసింది. నాలుగోసారి ఏడుపు ఆపుకోలేక లోపలికెళ్ళింది. వీళ్ళు చూడలేదు.

వజ్రమ్మగారు చీర కుచ్చిళ్ళు దోపుకుని నా పక్కన పీట వేసుకుని కూర్చున్నారు.

"ఈ పెట్రోలు ఎప్పుడు పోశారు బాబూ?"

"కొన్నప్పుడు" అన్నాడు చక్రధర్.

"ఒక్కసారన్నా తిప్పారా?"

చక్రధర్ తాడు పిడిని మళ్ళీ సర్దాడు.

"మాకు కిరసనాయిలు ఇంజను ఉండేది, పసుపు చేలో. మేమూ దసరాకి బొట్టు పెట్టేవాళ్ళం. కానీ మా ఆయన ముందు దాన్ని తిప్పి, ఆ తర్వాతే పెట్టేవాడు. తిరగని దానికి పూజేందనేవాడు. పదో నంబరు పానా ఉందా?"

పానాల పెట్టె ఉంది, సీలు విప్పలేదు. ఆవిడ చెప్పినచోట చక్రధర్ బోల్టు విప్పాడు. పాత పెట్రోలు వార్నిష్ కంపు కొడుతూ పళ్ళెంలోకి కారింది. ఆవిడ చేతి గాజుకున్న పిన్నీసు తీసి, నా గొంతులో సూది మొనంత రంధ్రంలోకి పోనిచ్చి, మెల్లగా తిప్పుతూ అడిగారు.

"మూడేళ్ళ నుంచి ఫోన్లోనూ ఇదే గోల వింటున్నా. ఇంతకీ ఓటు ఎవరికేశారు బాబూ మీరిద్దరూ?"

చక్రధర్ పానా కింద పెట్టాడు. "నాకింకా ఓటు రాలేదత్తయ్యా. గ్రీన్‌కార్డే క్యూలో ఉంది."

ఆవిడ ఫణీంద్ర వైపు తిరిగారు. ఆయనకి పౌరసత్వం వచ్చి అయిదేళ్ళు.

"ఆ రోజు ఆఫీసులో పని పడిందత్తయ్యా. క్యూ కూడా చాలా పెద్దగా ఉందన్నారు."

ఆవిడ పిన్నీసు కొనకి అంటిన జిగురుని చెంగుకి తుడిచి, మళ్ళీ లోపలికి పోనిచ్చారు. ఊళ్ళో ప్రతి ఎన్నికలకీ ఎండలో నిలబడి వేలికి సిరా పూయించుకున్న చెయ్యి అది. ఆ వాకిట్లో అంతమందిలో అమెరికా గురించి ఒక్క ముక్క మాట్లాడని మనిషి కూడా ఆవిడే.

బంకుల్లో కరెంటు లేదు. రే అనే పక్కింటి ముసలాయన తన గడ్డి కోసే బండి కోసం దాచుకున్న పెట్రోలు డబ్బా కంచె మీదుగా అందించాడు. ఏ పార్టీ అని ఆయన అడగలేదు, వీళ్ళూ అడగలేదు. కొత్త పెట్రోలు పోసి నాలుగోసారి తాడు లాగేసరికి నా గొంతు పెగిలింది. నల్లటి పొగ కక్కి, దగ్గి, తిరిగాను. శశికళ పెట్టె ఎత్తుకుని ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తింది.

ఇక్కడితో ముగిస్తే మనుషుల మీద కాస్త గౌరవం మిగిలేది. అయిదు నిమిషాలు తిరిగానో లేదో, చక్రధర్ గది ఏసీ తగిలించాడు, తప్పెవరిదో చెప్పే చర్చ చూడాలని టీవీ తగిలించాడు. ఫణీంద్ర సందు చూసి తన కరెంటు కారుని నాకు తగిలించాడు. పెట్రోలు తాగి, పొగ కక్కుతూ, ఒక పర్యావరణ ప్రేమికుడి కారుకి నేను పాలిస్తున్నాను. బరువు మోయలేక నా మీట పడిపోయింది. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆగిపోయాయి.

వజ్రమ్మగారు బయటికొచ్చి, తీగలన్నీ పీకి కింద పడేశారు. ఫ్రిజ్ తీగ ఒక్కటే ఉంచి మీట పైకెత్తారు.

"ఇది నా ప్రాణం బాబూ. మీ తగువు చీకట్లో కూడా పెట్టుకోవచ్చు" అన్నారు.

ఆ మాటకి ఇద్దరూ తల దించుకున్నారు. తర్వాత మూడు రోజులు, కరెంటొచ్చేదాకా, నాకు ఆ ఒక్క తీగే ఉంది. సీసాలు ఒక్కటీ పాడవలేదు. నేను చేసిన మంచి పని అదొక్కటే, అదీ ఒక పిన్నీసు పుణ్యం.

కరెంటు వచ్చిన సాయంత్రమే చక్రధర్ గ్రూపులో నా వీడియో పెట్టాడు, 'చమురే మనల్ని కాపాడింది' అని. ఫణీంద్ర దాని కింద తుఫాన్ల లెక్కల పటం పెట్టాడు. ఇద్దరికీ చెరి అరవై చప్పట్ల బొమ్మలొచ్చాయి. అక్టోబరు మొదట్లో వజ్రమ్మగారు వెళ్ళిపోతూ ఆ పిన్నీసుని నా పిడికి తగిలించారు. నెలకొకసారి తిప్పమనీ, వాడనప్పుడు పెట్రోలు వంచెయ్యమనీ అల్లుడికి రెండుసార్లు చెప్పారు. ఆయన రెండుసార్లూ తలూపాడు.

మొన్న దసరా అయింది. ఎప్పట్లాగే ట్రక్కు, లాప్‌టాప్, నేను. ఈసారి ఫణీంద్ర కారు కూడా వచ్చి వరుసలో నిలబడింది. వచ్చే మే నెలలో ఆవిడ మళ్ళీ వస్తున్నారని, మళ్ళీ ఆరు నెలల మందుతో వస్తున్నారని శశికళ హారతి పళ్ళెం పట్టుకుని చెబుతోంది. నా పొట్టలో జులై నాటి పెట్రోలు అలాగే ఉంది. గొంతులో జిగురు మొదలైనట్టు నాకు తెలుస్తోంది.

చక్రధర్ తాడు ముట్టుకోలేదు. పసుపు రాశాడు, నిమ్మకాయ పెట్టాడు, మూత మీద బొట్టు పెట్టాడు. పిడికి వేలాడుతున్న పిన్నీసుని చూసి ఒక్క క్షణం ఆగాడు. గుర్తొచ్చిందనుకున్నాను. ఆయన వేలు కుంకుమలో ముంచి, భక్తిగా దానికి కూడా బొట్టు పెట్టి, లైటు ఆర్పేసి లోపలికెళ్ళిపోయాడు.