పిన్ని నోట్లో గుండుసూదులు

క్లాసులో నన్ను కామా అంటారు. ఒక మాట అని ఆగిపోతానని మా బెంచీవాళ్లే పెట్టారు. కిందటిసారి టీచరు బదులు పాఠం చెప్పే వంతు నాకు వచ్చినప్పుడు "గుడ్ మార్నింగ్" అని అక్కడే నిలబడిపోయాను.

"ఈసారి పది నిమిషాలు చెప్పాలి. లేదంటే వంతుల్లోంచి నీ పేరు తీసేస్తాను," అంది ఇంగ్లీషు టీచరు. తీసేస్తే హాయే కదా అనుకున్నాను. ఇంటికొచ్చేసరికి మాత్రం ఏడుపొచ్చింది.

పాఠం ఇంగ్లీషు గ్రామరులో కాంపౌండ్ ప్రెడికేట్లు, పార్టిసిపియల్ ఫ్రేజులు. అర్థం కాక కాదు. రాయమంటే పేజీలు నింపుతాను, నలుగురిలో నోరే పెగలదు.

మా పిన్ని బట్టలు కుడుతుంది. కొలతలు సరిచూసేటప్పుడు ఆమె నోటినిండా గుండుసూదులే. అందుకని ఆమె తరఫున నేను మాట్లాడతాను. పిన్ని వేలు తిప్పితే "అటు తిరగండి" అంటాను. గడ్డం ఎత్తితే "చెయ్యి పైకెత్తండి" అంటాను. ఆ సాయంత్రం ఒకావిడ కొత్త గౌను వేసుకుని చూసుకుంటూ, "ఈ పిల్ల భలే గలగలా మాట్లాడుతుందే!" అంది. పిన్ని నవ్వబోయి సూదులు మింగినంత పని చేసింది.

నాకూ ఆశ్చర్యమే. ఆలోచిస్తే తెలిసింది. అక్కడ నేను ఎవరి మొహమూ చూడను, పిన్ని చేతులే చూస్తాను.

మర్నాడు బోర్డు ముందు నిలబడి "గుడ్ మార్నింగ్" అన్నాను. "వచ్చిందమ్మా కామా!" అన్నారెవరో వెనకనుంచి. నా పక్కన కూర్చునే పొట్టిదాన్ని పిలిచాను.

"నువ్వు మా పిన్నివి. పెన్ను పళ్లతో పట్టుకుని కాగితం కత్తిరించి మడత పెట్టు."

"ఏమే, నీకు గౌను కుట్టాలా?" అంటూనే వచ్చింది.

దాని చేతులే చూస్తూ మొదలుపెట్టాను. "హోల్డింగ్ ఎ పెన్ ఇన్ హర్ మౌత్, మై ఆంట్ కట్స్ ద పేపర్ అండ్ ఫోల్డ్స్ ఇట్. కత్తిరించేదీ మడిచేదీ ఒక్కరే. ఒక మనిషికి రెండు పనులు, అది కాంపౌండ్ ప్రెడికేట్. ముందున్న ముక్క పార్టిసిపియల్ ఫ్రేజు. ఆమె ఎలా ఉండి పని చేస్తోందో చెబుతుంది. దాని పక్కన ఆ మనిషే రావాలి. ఆమె బదులు అక్కడ పేపర్ని తెచ్చి పెడితే, పెన్ను కరుచుకున్నది పేపరవుతుంది!"

అందరూ నవ్వారు. నన్ను చూసి కాదు.

గంట కొట్టేదాకా చెబుతూనే ఉన్నాను. "పై వారం కూడా నువ్వే," అంది టీచరు. పొట్టిది దవడ పట్టుకుని, "మాట్లాడింది నువ్వు, నోరు నొప్పి నాకు," అంది.

ఇంటికెళ్లేసరికి పిన్ని నోట్లో సూదులు. కనుబొమ్మలెగరేసి "ఊ?" అంది. చెప్పులు విడుస్తూనే అందుకున్నాను. పిన్ని సూదులన్నీ తీసి డబ్బాలో వేసి, మిషను ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని వింది.

ఈసారి మొహం చూస్తూనే చెప్పాను.