టైరు కింద నిమ్మకాయ

సిమ్యులేటర్‌లో బస్సెక్కిన ప్రయాణికులు ఇవాళ శిక్షణ గదిలోనే దిగుతున్నారు. సంచులు సర్దుకుని ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. నూకరత్నం అద్దంలో వెనక్కి చూసి డోరు మూస్తుంది. ఇందులో వింతేముంది, స్టాపు వస్తే దిగరూ!

డ్రైవరు శిక్షణకు వచ్చిన మొదటి రోజే ఆమె ఒక పని చేసింది. కొత్త బండి కదిలే ముందు టైరు కింద నిమ్మకాయ పెట్టకపోతే ఎలా? ఈ బండికేమో టైర్లు లేవు. కుర్చీ, స్టీరింగు, ఎదురుగా పెద్ద తెర, అంతే. పోనీలే అని కుర్చీ కింద పెట్టింది. గదిలో కాయ చెక్కుచెదరలేదు. తెరలో బస్సు మాత్రం దాన్ని తొక్కుకుంటూ పోయింది. నేర్పే దాలినాయుడు మాస్టారు పడీపడీ నవ్వాడు.

"నువ్వు నా సొంత సెల్లెలివి. ఇందుల సెయ్యి తిరిగిందంటే డిపోలో కొత్త బస్సు నీదే," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె చీరల కొట్లో పని మానేసింది. నమ్మింది మరి, దేవుణ్ణి నమ్మినట్టు!

ఇవాళ కొత్త బస్సు తాళం ఇచ్చే రోజు. ఆఖరి స్టాపులో అందరూ దిగాక తెరలోంచి డ్రైవరు కూడా దిగుతుంది. అచ్చం నూకరత్నమే. అదే ఖాకీ చొక్కా, మోచేతి మీద అదే కాలిన మచ్చ. దాలినాయుడు తాళం తీసి దాని చేతిలో పెడతాడు.

"మాస్టారూ, అది నాది గదా!"

"నీ సేతులు దానికొచ్చీసాయమ్మా. ఒకే సేతులకి రెండు ఉజ్జోగాలెక్కడివి?"

"మరి ఇన్నాళ్లూ నన్నెందుకు కూకోబెట్టారు?"

"దానికి నేర్పడానికే."

ఎంత తేలిగ్గా అనేశాడు! నూకరత్నానికి ఒళ్లు మండిపోతుంది, ఏడుపూ ముంచుకొస్తుంది. లేవబోతే బెల్టు ఊడిరాదు. గది గుండ్రంగా ముడుచుకుంటుంది. గోడలు పసుప్పచ్చగా, తడిగా, పుల్లటి వాసనతో దగ్గరకొస్తాయి. పలచటి తొక్కలోంచి డిపో ఆవరణ కనిపిస్తుంది. కొత్త బస్సుకు బొట్లు పెట్టి దండ వేశారు.

తాళం అందుకున్నది వంగి, ఆమెను రెండు వేళ్లతో ఎత్తి, ముందు టైరు కింద జాగ్రత్తగా పెడుతుంది. ఎక్కడ పెట్టాలో దానికి బాగా తెలుసు, ఆమె నేర్పిందే కదా.

"పోనియ్యి, సెల్లీ," అంటాడు దాలినాయుడు. ఆ పిలుపు కూడా దానికే ఇచ్చేశాడు!

టైరు కదులుతుంది. నూకరత్నం బ్రేకు కోసం కాలు చాపుతుంది. కాలికి గింజ తగులుతుంది.