డీజిల్ ఇంజన్

పెంటయ్యకు మిలటరీ వేలంలో కొన్న పాత పెట్రోలు జీపు ఉండేది. మాదాపూర్ గుట్టల్లో అప్పటికింకా సరైన దారులు లేవు. ప్లాట్లు అమ్మే ఓబులేసు, కొనడానికి వచ్చినవాళ్లను ఆ జీపులోనే బండల మీదుగా తిప్పి చూపించేవాడు. కిరాయి బాగానే వచ్చేది కానీ చేతిలో ఏమీ మిగిలేది కాదు. లీటరుకు ఆరు కిలోమీటర్లు కూడా ఇవ్వని బండి. ఈ నెల చక్రాల మీది కమాను విరిగితే పై నెల క్లచ్ పోయేది.

"డీజిల్ ఇంజన్ ఎక్కించుకో పెంటయ్యా, ఖర్చు సగం తగ్గుతాది. ఇంకా రెండేండ్లు నీ బండి లేకుంటే నాకు పని జరగదు," అన్నాడు ఓబులేసు.

పెంటయ్య భార్య నీలమ్మకు రెండు బర్రెలు. చందానగర్‌లో ఇంటింటికీ పాలు పోసి ఇల్లు నడిపేది ఆమే.

"బర్రెలమ్మి బండికి పెడ్తవా? నీకేమన్న పిచ్చి లేసిందా?"

"మైలేజీ డబలైతదే. జర ఆగు, మళ్ల కొందం."

బర్రెలు పోయాయి. ఇంజన్ వచ్చింది. మైలేజీ నిజంగానే పెరిగింది. కానీ ఆ ఇంజన్ బరువుకు ముందు చక్రాల కమాన్లు కుంగిపోయాయి, గేర్‌బాక్సు మొరాయించింది. డీజిల్ వల్ల మిగిలిన డబ్బంతా మెకానిక్ చేతిలో పోశాడు.

బండి ఒక దారికి వచ్చేసరికి తారు రోడ్డు పడింది. ఓబులేసు తెల్లటి ఏసీ కారు కొన్నాడు.

"రెండేండ్లంటిరి గద సార్?"

"రోడ్డు ఇంత బిరీన పడుతుందని నేను మాత్రం కలగన్నానా? ఇప్పుడు కొనే పార్టీలంతా సాఫ్ట్‌వేరోళ్లు. నీ జీపులో ఎవురు ఎక్కుతారు?"

తర్వాత జీపును ఎవరూ పిలవలేదు. వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఓబులేసు మనిషిని పంపాడు. సైటు దగ్గర కారు బురదలో దిగబడిందట. పెంటయ్య వెళ్లి తాడు కట్టి లాగాడు. ప్లాటు చూడ్డానికి వచ్చి కారులో కూర్చున్న దంపతులు అద్దాలు దించలేదు. కారు రోడ్డెక్కగానే ఓబులేసు అన్నాడు:

"బండి అవతలికి తియ్యి పెంటయ్యా. ఆ పొగకు మేడమ్ దగ్గుతాంది."

ఇంటికొచ్చి చెబితే నీలమ్మ మండిపడింది.

"ఎందుకు గుంజినవ్? ఆ బురదలనే ఉండనియ్యకపోయినవా?"

"పిలిచిండు గదనే."

నీలమ్మ అతని మొహంలోకి చూసింది.

"రేపు గూడ పిలుస్తడు. నువ్వు గూడ పోతవ్," అంది.

పెంటయ్య బురద తాడును కడిగి మళ్లీ జీపులోనే పెట్టాడు.