కోటు లోపలి కుట్టు

చెల్లెలు కోటును మంచం మీద పరిచి, ఫోన్లో నకిలీని పట్టే వీడియో చూస్తూ, సోదాకొచ్చిన పోలీసులా ఒక్కొక్కటీ తనిఖీ చేస్తోంది. పేరున్న కంపెనీ కోటు, ఆన్‌లైన్‌లో సగం ధరకే దొరికింది. రేపు పొద్దున ఆ కంపెనీ బట్టలమ్మే షోరూంలోనే తనకి ఇంటర్వ్యూ. నాలుగు చోట్ల కాదనిపించుకున్నాక వచ్చిన పిలుపు.

"జిప్పు బరువుగా ఉండాలట. ఉంది. లేబుల్ మీద అక్షరాలు వంకరపోకూడదట. పోలేదు. ఇక కుట్లు... చూడక్కా, చీమల బారులా ఎంత తీరుగా ఉన్నాయో! నకిలీవాడు ఇంత శ్రద్ధగా కుట్టి చస్తాడా?"

అక్క తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"రండి మేడమ్, కోట్లు కుట్టడంలో పదకొండేళ్ళ సర్వీసు! మీరూ ఒక ముద్ర వేసెయ్యండి" అంటూ చెల్లెలు పక్కకి జరిగింది.

అక్క కోటు తిరగేసి, లైనింగ్ కింది మూల పట్టుకుంది. అక్కడ చిన్న మడత. మడత జారకుండా గుణకారం గుర్తులా చిన్న అడ్డకుట్టు. కూర్చున్నప్పుడు లైనింగ్ లాగెయ్యకుండా ఉంటుందని అక్క తనంతట తాను వేసే కుట్టది. "ఎవడడిగాడమ్మా నిన్ను, టైము దండగ!" అని సూపర్‌వైజరు ఎన్నిసార్లు విసుక్కున్నా మానలేదు. తను పనిచేసే కుట్టు షెడ్డులో ఇంకెవరూ వెయ్యరు.

ఈ కోటు తన చేతి మీదుగా వెళ్ళిందే.

షెడ్డులో కోట్లు లేబుల్ లేకుండానే పక్క గదికి వెళ్ళేవి. ఆ గది తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. ఇవి ఏ కంపెనీకని కొత్తగా చేరినామె ఒకసారి అడిగితే, "కుట్టేవాళ్ళకి కుట్టు చాలు" అన్నాడు సూపర్‌వైజరు. అక్క ఆ మాత్రం కూడా అడగలేదు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. ఇంట్లో మాత్రం పెద్ద పెద్ద కంపెనీలకి పంపుతామని చెప్పుకుంది.

ఇప్పుడు నోరు మూసుకుంటే, రేపు షోరూం మేనేజరు కనిపెట్టేస్తాడు. రోజూ అసలు కోట్లు చూసే మనిషికి ఎంతసేపు? నోరు విప్పితే, నీకెలా తెలుసని ఇది అడుగుతుంది.

"ఏంటక్కా, బావుంది కదా?"

"వేసుకెళ్ళకు."

"కుళ్ళా?"

"అది నకిలీది."

"నీ మొహం! తప్పెక్కడుందో చూపించు."

"తప్పేం లేదు. నేను కుట్టిందే."

"నువ్వు కుట్టిందైతే ఇంకేం! మీరు పెద్ద కంపెనీలకే కదా..." చెల్లెలి నవ్వు సగంలో ఆగిపోయింది.

"లేబుళ్ళు పక్క గదిలో వేస్తారే. తలుపేసుకుని."

"నీకు తెలుసా?"

"అడగలేదు."

"తెలియదా, అడగలేదా?"

అక్క బ్లేడు ముక్క తెచ్చి లేబుల్ ఊడదీసింది. "ఇప్పుడిది ఉత్త కోటు. నీకు అతికినట్టు సరిపోతుంది. వేసుకెళ్ళు" అంది.

పొద్దున లేచి చూస్తే, చెల్లెలు పాత నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. కోటు కుర్చీకి వేలాడుతోంది.

బయల్దేరబోతూ గుమ్మంలో ఆగింది. "ఇంట్లో వాళ్ళేం చేస్తారని అడుగుతారక్కా. ఏం చెప్పను?"

"కుట్టుపనని చెప్పు."

"ఎక్కడా అంటే?"

అక్క కుర్చీ మీది కోటు తీసి మడతపెట్టసాగింది. చెల్లెలు చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. షెడ్డుకి వేళ మించిపోతున్నా అక్క గుమ్మం దాటలేదు.