పైకి లేచిన తలుపు

నాకు తెలిసిన పని ఒకటే, తలుపులు బిగించడం. ఏడో తరగతిలో బడి మానేసినప్పటి నుంచీ రాయ్‌పూర్‌లో రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ చుట్టుపక్కల ఇళ్ళకు అదే చేస్తున్నాను. ఇప్పుడు ఫ్యాక్టరీ తలుపులు లారీల్లో దిగుతున్నాయి. అవి నేలకు రాసుకుంటే అడుగున నాలుగు దెబ్బలు చిత్రిక పట్టడానికి నన్ను పిలుస్తారు, టీ కూడా ఇవ్వకుండా పంపుతారు.

అలాంటి రోజుల్లో రత్నం బాబాయ్ కబురు పెట్టాడు. రైల్వే వ్యాగన్లు బాగుచేసే షాపులో వెల్డరుగా రిటైరైన మనిషి, మా పక్క లైన్లోనే క్వార్టరు. వరండాలో ప్లైవుడ్డుతో చిన్న తెరచాప పడవ కడుతున్నాడని అందరికీ తెలుసు. సముద్రం ఎక్కడ, రాయ్‌పూర్ ఎక్కడ అని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నెలాఖరుకు ఆయన క్వార్టరు ఖాళీ చేయాలి. కూతురు లిడియా నర్సు, అద్దెకుండేది మూడో అంతస్తులో. పడవకు చోటు లేదు. మందిర్ హసౌద్ ఊరు దాటాక ఒక చెరువు దగ్గర తెరచాప పడవలు నేర్పే చిన్న క్లబ్బు ఉంది. దాన్ని చూసుకునే ఈశ్వర్ ఒక షరతు పెట్టాడట. ఆదివారం నీళ్ళలోని ఎర్ర డ్రమ్ము దాకా గాలితోనే వెళ్ళి, దాన్ని చుట్టి, ఎవరూ తోయకుండా తిరిగొస్తే పడవ అక్కడే ఉంచుకోవచ్చు, నడుపుకోవచ్చు. రాకపోతే దాన్ని విప్పి ప్లైవుడ్డు అమ్ముకోవడమే. పడవకు అన్నీ ఉన్నాయి, చుక్కాని తప్ప.

"మా ఊళ్ళో ఎనకాల తెడ్డేసి తిప్పీవోళ్ళం. ఈ ఏలాడే చుక్కాని నాకు తెల్దు కొండలూ," అన్నాడు బాబాయ్. ఆయనది భీమిలి దగ్గర. "నువ్వు తలుపులోడివి. ఇదీ తలుపే. నీళ్ళల్లో ఏలాడతాది, బస్."

నేనూ తలుపే అనుకున్నాను. ఖమ్హార్ చెక్క, అదే మన గుమ్మడి టేకు, తెచ్చాను. తేలిక, ఎండకూ వానకూ మెలి తిరగదు. ముందంచు గుండ్రంగా, వెనకంచు పల్చగా ఉండాలని లిడియా ఫోన్లో బొమ్మ చూపించింది. నీళ్ళను కోసే వైపు కదా పల్చగా ఉండాల్సింది అని వాదించాను. వాళ్ళ వంటింట్లో కూరకు తెచ్చిన రోహూ చేప కనిపించింది. దాన్ని చేతిలోకి తీసుకుని తల నుంచి తోక దాకా వేలితో రాసి చూశాను. ముందు లావు, వెనక పల్చన. వచ్చి చిత్రిక అందుకున్నాను.

బందులు మాత్రం నా పద్ధతే. పడవ వెనక చెక్కకు నిలువుగా రెండు ఇత్తడి పిన్నులు, చుక్కానికి కన్నాలున్న రెండు పట్టీలు. పాత గేటులాగా పైనుంచి దించితే కూర్చుంటుంది, దాని బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. పైన శీల అక్కర్లేదా అన్నయ్యా అని లిడియా అడిగింది. తలుపు ఎక్కడైనా పైకి లేస్తుందా అన్నాను.

శనివారం సరిచూసుకోవడానికి వెళ్ళాం. నేను ఎక్కనన్నాను, ఎక్కించారు. సగం చెరువు దాటాక పక్కనుంచి ఒక మోటారు పడవ పోయింది, అల వచ్చింది. మా పడవ వెనక భాగం లేచి దిగింది. చుక్కాని దిగలేదు. కిందనుంచి ఎవరో ఎత్తినట్టు పిన్నుల మీంచి మెల్లగా లేచి ఒరిగిపోయింది. దాన్ని తిప్పే పిడి బాబాయ్ చేతిలోనే ఉంది, పడవ మాత్రం గిర్రున తిరిగింది.

"ఏటి కొండలూ, నీ తలుపు గోడనొగ్గీసి వచ్చేసినాది," అన్నాడు.

తెడ్లేసుకుని ఒడ్డు చేరాం. రేపూ ఇలాగే అయితే తన చేతిలో ఏమీ లేదని ఈశ్వర్ హిందీలో చెప్పాడు.

ఇంటికొచ్చి చుక్కానిని నీళ్ళ డ్రమ్ములో ముంచాను. వదిలితే పైకి వచ్చింది. మళ్ళీ ముంచాను, మళ్ళీ వచ్చింది. బట్టలు నానబెట్టాలి, ఆటయ్యాక చెప్పమని మా ఆవిడ మాలతి అంది. ఇన్నేళ్ళూ నా తలుపులన్నీ నేలకేసి జారినవే. అదే చెక్కను నీళ్ళు ఇంత పట్టుదలగా పైకి తోస్తాయని చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలియలేదు.

శీల వేస్తే ఊడదు. కానీ ఆ తోపు అలాగే ఉండి పిన్నులను అరగదీస్తుంది. అందుకని చుక్కాని కింది భాగంలో కన్నం తొలిచి, జారిపోకుండా రెండువైపులా అంచులు వెడల్పు చేశాను. టైర్ల షాపులో చక్రాలకు తూకం కోసం కొట్టే పాత సీసం బిళ్ళలు తెచ్చి కరిగించి పోశాను. చెక్క మాడి పొగ లేచింది. చల్లారాక డ్రమ్ములో వేస్తే నెమ్మదిగా దిగి, అడుగున నిలబడింది. ఎందుకైనా మంచిదని శీల కూడా బిగించాను. అది ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం ఎర్ర డ్రమ్మును చుట్టాక బాబాయ్ పిడి నాకిచ్చి వెనక్కి వాలాడు. కుడికి తోస్తే పడవ ఎడమకు తిరిగింది. తప్పేమోనని ఎడమకు తోశాను, కుడికి తిరిగింది. మోటారు పడవ అల మళ్ళీ వచ్చింది. చెక్క నా అరచేతిలో వణికింది, పైకి మాత్రం లేవలేదు. అలాగే ఒడ్డుకు తెచ్చాను.

ఈశ్వర్ షెడ్డులో ఖాళీ చోటు చూపించాడు. బాబాయ్ మాత్రం పడవ దిగలేదు.

లిడియా మోకాలిలోతు నీళ్ళలోకి వచ్చి చుక్కాని పైభాగం చూసింది. "ఈ శీల ఏంటి అన్నయ్యా? తలుపు పైకి లేస్తుందా?"

"పిడి అటు తోస్తే పడవ ఇటెందుకు పోతుందో ముందు అది చెప్పు."

ఆమె ఫోన్ తీయబోయింది.

"ఫోన్ వద్దు," అన్నాను. "ఎక్కు."