చిన్నవాటికి లొంగనివి

“ఆదివారమంతా నీదే. నిన్నెవరు వద్దన్నారు?” అని ఆయన శుక్రవారంనాడే ధారాళంగా వరమిచ్చేశాడు. ఇచ్చిన చేత్తోనే ఆదివారం పొద్దున్నే చొక్కా పట్టుకొచ్చి, “ఒక్క బొత్తాం, ఒక్క నిమిషం,” అన్నాడు.

ఆమె కాలేజీలో లెక్కలు చెబుతుంది. పరిశోధన మొదలుపెట్టినప్పుడు కూతురు కడుపులో ఉంది. ఇప్పుడా పిల్ల తల్లి కంటే పొడుగు. రేపటికల్లా ఆఖరి అధ్యాయం ఇవ్వకపోతే పేరు కొట్టేస్తామని యూనివర్సిటీవాళ్ళు తేల్చి చెప్పేశారు.

బొత్తాం కుట్టి కాగితాల ముందు కూర్చుందో లేదో, “అమ్మాయ్, రవ్వంత టీ,” అన్నారు అత్తగారు. గ్లాసు కడుగుతుంటే, “అమ్మా, నా సాక్సులేవీ?” అని కూతురు. కళ్ళజోడు కనబడటం లేదని ఆయన. ఎక్కడికి పోతుంది, నెత్తిమీదే ఉంది! నవ్వొచ్చే సంగతే గానీ, నవ్వడానికైనా ఓపికుండాలి కదా.

ఆమె రాస్తున్నది మొండి సంఖ్యల గురించి. రెండు, మూడు, అయిదు, ఏడు లాంటి చిన్న ప్రధాన సంఖ్యలు వేటికీ లొంగనివి, వాటితో భాగిస్తే శేషం మిగిలేవి. అలాంటివి ఎందుకంత తక్కువో క్లాసులో ఏటా చెబుతుంది: “సంఖ్యలన్నీ వరసగా రాసి ఈ నాలుగింటి గుణిజాలూ కొట్టేయండి. ముప్పాతిక పైగా అక్కడే పోతాయి. పెద్ద సంఖ్యలు వచ్చి కొట్టేసేది ఆ మిగిలిన కాసిన్నింట్లోనే.” ఉల్లిపాయలు తరుగుతుంటే ఆ మాట ఇవాళెందుకో తననే అన్నట్టు తగిలింది. చదువు మానెయ్యమని ఈ ఇంట్లో ఎవరన్నారు గనక? ఒక్కరూ అనలేదు. నిమిషమే అడిగారు. రవ్వంతే అడిగారు. ఏళ్ళకేళ్ళు అలాగే కరిగిపోయాయి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

కాగితాలు సంచిలో సర్దుకుని చెప్పులేసుకుంటుంటే ఆయన వచ్చాడు.

“ఎక్కడికి?”

“కాలేజీకి. గది తాళం నా దగ్గరే ఉంది. రాయడం అయ్యాకే వస్తాను.”

“మరి వంటో?”

“ఉల్లిపాయలు తరిగాను. మిగతాది మీరు కానివ్వండి.”

“ఇదేం చోద్యం! ఇంత దానికే కోపమా? నిన్నేమన్నా పెద్ద పని అడిగామా?”

ఆమె గుమ్మంలో ఆగింది. గొంతు పెంచే ఓపిక లేదు.

“అడిగుంటే బావుండేదండీ. కాదని ఎప్పుడో చెప్పేదాన్ని.”